క్లచ్ లేని బండిలో నేరస్థుడు

"నేరం ఊపిరి పీల్చినా నాకు వినపడుతుంది, ఎజ్రా. ఈ చెవులు మార్కాపురంలో పుట్టడం దొంగల దురదృష్టం" అన్నాడు చెన్నకేశవరావు, కుక్కర్ మూతకు ధర చీటీ అతికిస్తూ.

దుకాణం ముందు నిలబడి ఎంతోసేపటి నుంచి పిలుస్తున్న జిలానీ భాయ్ మాత్రం ఆ చెవులకు వినపడలేదు. నేనే లోపలికి రమ్మన్నాను.

మావి పక్కపక్క దుకాణాలు. చెన్నకేశవరావుది స్టీలు సామాన్లు, నాది జిరాక్సు. అతను పరిశోధన చేస్తే నేను వెంట నడవాలి, ఫోటోలు తీయాలి, చివర్లో తిట్లు పంచుకోవాలి. తర్లుపాడు కోడి కేసులో అతను పగలూ రాత్రీ వెంటాడిన అనుమానితుడు ఆ కోడి సొంతదారే అని తేలినప్పుడు తిట్లలో పెద్ద వాటా నాకే వచ్చింది.

జిలానీ భాయ్ ఒక పెద్ద గుండిగ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పలకల లారీ తోలి తోలి జుట్టు నెరిసిన మనిషి. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిందని డాక్టరు చెప్పాక లారీ వదిలేసి, క్లచ్ లేని ఏడు సీట్ల ఆటోమేటిక్ బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మోకాలు బాగుపడింది గానీ, పరువు పోవడం మొదలైంది.

"శెట్టీ, నా బండికి ఎవరో ఏదో చేస్తా ఉండారు" అన్నాడు చెన్నకేశవరావుతో.

అతని కథ ఇదీ. బండి ఇంటి దగ్గర గుర్రంలా బయలుదేరుతుంది. కొంత దూరం పోయాక, గేర్‌బాక్సు వేడెక్కిందని ముందర పసుపు లైటు వెలుగుతుంది. తర్వాత కాలిన వాసన. ఆ తర్వాత ఇంజను ఎంత అరిచినా చక్రాలు కదలవు. నీడలో కాసేపు ఆపితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది. మెకానిక్ రియాజ్ గేర్‌బాక్సు ఆయిల్ మార్చాడు. ఆయిల్‌ను చల్లబరిచే పైపులు కడిగాడు. తనే తోలుకుంటూ కనిగిరి దాకా పోయి వచ్చాడు. లైటు వెలగలేదు. తాళం జిలానీ భాయ్ చేతికి ఇచ్చిన రోజే మళ్ళీ వెలిగింది.

ఇందులో ఏడవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. శుక్రవారం గిద్దలూరులో ఇరమ్ నిఖా. ఇరమ్ అంటే జిలానీ భాయ్ భార్య మౌలాబీ వదినకు అన్న కూతురు. చిన్నప్పుడు లారీ క్యాబిన్‌లో కూర్చుని, నా పెళ్ళికి నువ్వే బండి తోలాలి ఫూఫా అని మాట తీసుకున్న పిల్ల. అత్తగారిల్లు మార్కాపురంలోనే. ఆ పిల్లను అక్కడికి తనే తెస్తానని జిలానీ భాయ్ ఊరంతా చెప్పుకున్నాడు. పిల్ల తండ్రి నవాజ్ మాత్రం ఎందుకైనా మంచిదని ఇంకో బండి మాట్లాడి పెట్టాడు.

"నా బండి ఆ పొద్దు ఆగిందంటే, ఆ బిడ్డ నా కళ్ళ ముందర దిగి ఇంకో బండి ఎక్కుతాది. ఆ తర్వాత నేను స్టీరింగ్ ముట్టేది లేదు, శెట్టీ."

చెన్నకేశవరావు లేచి నిలబడ్డాడు. "కేసు తీసుకుంటున్నా. ఎజ్రా, నా భూతద్దం."

బండి దగ్గర అతను గేర్‌బాక్సు ఆయిల్‌లో వేలు ముంచి వాసన చూశాడు. తర్వాత అదే వేలితో ముక్కు గోక్కున్నాడు. ఆ మరకతోనే తిరుగుతూ ఆలోచించాడు.

"రియాజ్ తోలితే నేరం జరగలేదు. జిలానీ భాయ్ తోలితే జరుగుతోంది. దీన్నిబట్టి నీకేం తెలుస్తుంది?"

"జిలానీ భాయ్ తోలేదాంట్లోనే ఏదో..."

"జిలానీ భాయ్‌కి శత్రువు ఉన్నాడని తెలుస్తుంది. అతను ఎక్కినప్పుడే వాడూ ఎక్కుతున్నాడు."

డ్రైవర్ తలుపు తీసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పెడల్స్ దగ్గర తల దూర్చాడు. లోపల నుంచి అతని గొంతు బిందెలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఇక్కడ ఆక్సిలరేటరు, బ్రేకు. రెండూ కుడికాలి పనే. ఎడమకాలికి ఈ బండిలో పనే లేదు. అంటే ఈ ఎడమ మూలకు ఏ నిర్దోషి కాలూ రాదు. నేరస్థుడు దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉందా?"

"అంత ఇరుకులో ఎవరు దాక్కుంటారన్నా?"

"అందుకే ఇంతవరకు దొరకలేదు."

నవాజ్ తన బండే గెలవాలని ఒక పందికొక్కుకు శిక్షణ ఇచ్చి వదిలాడన్నది అతని సిద్ధాంతం. అది గేర్‌బాక్సును ఎట్లా వేడెక్కిస్తుందని అడిగితే, వివరాలు అరెస్టు తర్వాత అన్నాడు. గురువారం సాయంత్రం దుకాణంలోంచి చెక్క ఎలుకబోను ఒకటి తెచ్చాడు. స్ప్రింగు తాకితే టప్పున ఇనుప కమ్మీ పడే రకం. వాళ్ళింట్లో నీచు తినరు కాబట్టి ఎరగా మిరపకాయ బజ్జీ పెట్టి, దాన్ని బ్రేకు పక్కన ఎడమ మూలలో సర్ది, పైన గోనెపట్టా ముక్క కప్పాడు. జిలానీ భాయ్‌కి చెబుదామంటే ఒప్పుకోలేదు. రహస్యం ఇద్దరు దాటితే అది టముకు అన్నాడు.

శుక్రవారం పొద్దున జిలానీ భాయ్ అత్తరు పూసుకుని, కొత్త చెప్పులేసుకుని సీట్లో కూర్చున్నాడు. చెన్నకేశవరావు ముందు సీట్లో, మౌలాబీ వదిన నడిమి సీట్లో, నేను అన్నిటికంటే వెనక ఇరుకు సీట్లో. బండి స్టార్టయింది. టప్ మని శబ్దం వచ్చింది.

తర్వాత జిలానీ భాయ్ అన్న మాటలు పెళ్ళికి పోయే మనిషి అనాల్సినవి కావు. ఎడమకాలి బొటనవేలు వంకాయ రంగుకు తిరిగింది.

"శెట్టన్నా, దొంగను పట్టమంటే మా ఇంటాయన కాలు పట్టినావే" అంది మౌలాబీ వదిన.

చెన్నకేశవరావు విషయమంతా వివరించి, అమాయకుడు బలైనందుకు విచారం తెలిపాడు. ఆగడానికి టైము లేదు. జిలానీ భాయ్ వేలికి తడిగుడ్డ చుట్టుకుని, ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకుని, ఒంటికాలితో బండి తోలాడు.

కంభం వచ్చింది. పోయింది. అందరం పసుపు లైటు వైపే చూస్తున్నాం. వెలగలేదు. గిద్దలూరు పెళ్ళి పందిరి ముందు బండి ఆగితే జిలానీ భాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. వేలి నొప్పికో సంతోషానికో తెలీదు.

"బోను చూసి పందికొక్కు పారిపోయింది" అని ప్రకటించి చెన్నకేశవరావు రెండుసార్లు స్వీటు పెట్టించుకున్నాడు.

నిఖా అయింది. షర్బత్ కోసం తెచ్చిన ఐసులో జిలానీ భాయ్ కాలు పెట్టుకుని కూర్చోవడంతో వాపు తగ్గింది. మధ్యాహ్నం అప్పగింతలు. నడిమి సీట్లో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, మౌలాబీ వదిన. వెనక నా మీద పెళ్ళికూతురి పరుపు చుట్ట. జిలానీ భాయ్ రెండు కాళ్ళూ కింద పెట్టి రాజాలా కూర్చున్నాడు. మా వెనకాలే నవాజ్ మాట్లాడి పెట్టిన బండి, అందులో నవాజ్.

ఊరు దాటామో లేదో నవాజ్ ఫోన్ చేశాడు. మౌలాబీ వదిన స్పీకర్లో పెట్టింది.

"ఏంది బావా, నీ బండి వెనక ఎర్ర లైట్లు ఆరనే ఆరవు. పెళ్ళిబండి అని సీరియల్ సెట్టు పెట్టినావా ఏంది?"

చెన్నకేశవరావు నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎర్ర లైటు. సంకేతం. ముఠా పెద్దది, ఎజ్రా."

కంభం దాటాక పసుపు లైటు వెలిగింది. కాలిన వాసన వచ్చింది. ఇంజను అరిచింది. బండి ఒక వేపచెట్టు దాకా దేక్కుంటూ పోయి ఆగింది.

నవాజ్ తన బండి తెచ్చి పక్కనే ఆపి తలుపు తీశాడు. ఆ తలుపు చప్పుడుకు జిలానీ భాయ్ తల వంచుకున్నాడు. ఎండలో కొత్త దంపతుల్ని కూర్చోబెట్టడం పద్ధతి కాదని, మీ ఫూఫా మనసు మంచిదే గానీ బండికి మనసు లేదని నవాజ్ కూతురికి చెప్పాడు. ఇరమ్ కదల్లేదు. చల్లారినాక ఇంకొకసారి చూద్దామని, మళ్ళీ ఆగితే ఆ బండి ఎక్కుతానని ముసుగులోంచే చెప్పింది. నేను తప్ప అందరూ దిగి చెట్టు నీడకు చేరారు.

ఆ గందరగోళంలో చెన్నకేశవరావు ఏం చేశాడో పరుపు కింద ఉన్న నాకు కనపడలేదు. సంచిలోంచి బజ్జీ వాసన మాత్రం వచ్చింది.

అందరూ ఎక్కారు. బండి మెల్లగా కదిలింది. టప్ మంది.

పెళ్ళికూతురి ముందు తిట్టకూడదు కాబట్టి జిలానీ భాయ్ ఒక పొడుగాటి రాగం తీశాడు. ఎడమకాలు బోనుతో సహా ఎగిరి సీటు మీదికి వచ్చింది. మరుక్షణం బండి కట్లు తెంపుకున్న కోడెలా ముందుకు ఉరికింది.

ఫోన్ మోగింది. "బావా, ఎర్ర లైట్లు ఆరిపోయినాయి. ఏం చేసినావు?"

చెన్నకేశవరావు అప్పటికే పెళ్ళికొడుకు ముఖం మీద వేలాడే పూల సెహ్రా వైపు అనుమానంగా చూస్తున్నాడు. మౌలాబీ వదిన అతని భుజం పక్కకు నెట్టి ముందుకు వంగింది.

"ఏమయ్యా, పొద్దున నీ కాలు బోనులో పడింది, బండి ఆగలే. ఇప్పుడు మళ్ళీ పడింది, ఎర్ర లైట్లు ఆరినాయి. ఎడమకాలికి ఈ బండిలో పనే లేదని శెట్టన్న అన్నాడు గదా. మరి నీ కాలు ఆడికి దేనికి పోతా ఉంది?"

జిలానీ భాయ్ ఒక కన్ను రోడ్డు మీద ఉంచి, ఇంకో కంటితో సీటు మీది ఎడమకాలిని చూశాడు.

"లారీలో క్లచ్ ఆడ్నే గదా ఉండేది" అన్నాడు మెల్లగా.

"ఈ బండిలో ఆడ ఏముండాది?"

"బ్రేకు."

లారీ వదిలేసిన సంగతి జిలానీ భాయ్ ఊరందరికీ చెప్పాడు గానీ ఎడమకాలికి చెప్పలేదు. అది ఇన్నాళ్ళూ పాత అలవాటుతో వెళ్ళి, వెడల్పాటి బ్రేకు అంచు మీద ఆనుకుని కూర్చుంది. కుడికాలు పద అంటుంటే ఎడమకాలు ఆగు అంటోంది. రెంటి మధ్యా గేర్‌బాక్సు ఉడికిపోతోంది.

"మనింట్లో మాదిరే" అంది మౌలాబీ వదిన. ముసుగులో ఇరమ్ భుజాలు నవ్వుతో కదిలాయి.

చెన్నకేశవరావు మాత్రం ఛాతీ విరుచుకున్నాడు. "నేను మొదటి రోజే ఏం చెప్పినా? నేరస్థుడు ఆ మూలలోనే ఉన్నాడని. రెండుసార్లు పట్టుకున్నా."

"మొదటిసారి పట్టుకుని క్షమాపణ చెప్పి వదిలేసినావు గదన్నా" అన్నాను పరుపు కింద నుంచి.

మార్కాపురం దాకా పసుపు లైటు వెలగలేదు. కొత్త దంపతులు దిగారు. జిలానీ భాయ్ చిరునవ్వుతో, కుంటుకుంటూ, వాళ్ళ వెనకాలే నడిచాడు. నవాజ్ తన బండి దిగి వచ్చి, బావ చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు.

గుమ్మంలో పెళ్ళికొడుకు నానమ్మ ఎదురొచ్చి, కుడికాలు ముందర పెట్టి రమ్మని ఇరమ్‌కు చెప్పింది.

"ఆ మాట మా ఇంటాయనకు కూడా ఒకసారి గట్టిగా చెప్పమ్మా" అంది మౌలాబీ వదిన.

జిలానీ భాయ్ వాచిన ఎడమకాలిని చేత్తో ఎత్తి పట్టుకుని, కుడికాలితో ఒక్క గెంతు గెంతి గడప దాటాడు.