ఎలుగమ్మ పప్పుండలు, ఏటి అవతలి పథ్యం

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఇవతలి ఒడ్డున, ఎలుగమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. తేనెపాకం పట్టి వేరుశనగ పప్పుండలు కట్టడంలో ఆవిడకి ఆవిడే సాటి. కాకపోతే ఇవతలి ఒడ్డున అందరికీ అవి తిని తిని మొహం మొత్తింది.

ఏటి అవతలి అడవిలో తేనె లేదు. దుంపలూ ఎండుచేపలూ మాత్రం కుప్పలు. ముసురు పట్టేలోగా పప్పుండలిచ్చి అవి తెచ్చుకోకపోతే, వానాకాలమంతా తన ఇద్దరు పిల్లలకీ పస్తే. దాచుకున్న తేనె అంతా పాకంలోకే పోయింది మరి.

ఇక్కడొక సంగతి విడమరిచి చెప్పాలి. ఇంట్లో చేసింది మన వీధిలో పంచితే అడిగేవాడు లేడు. సరిహద్దు దాటితే మాత్రం పొట్లం మీద అన్నీ రాయాలి. లోపల ఏమేం వేశారు, ఎన్నాళ్ళు నిలవుంటుంది, ఎవరి ఒంటికి పడదు, అన్నీ. వేరుశనగ పడక మొహం ఉబ్బిపోయేవాళ్ళు లోకంలో ఉన్నారు. అంచేత ఇది తిక్క రూలు కాదు. తిక్క రూల్సు తరవాత వస్తాయి, కాస్త ఆగండి.

ఎలుగమ్మ టేకాకు పొట్లాల మీద ఉన్నదున్నట్టు రాయించుకుని, ఎగుమతి ఏజెంటు నక్క నరసింగం దగ్గరికి వెళ్ళింది. నరసింగం పొట్లం అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు. మిఠాయి అని రాస్తే పాకం పరీక్ష, రంగు పరీక్ష, పైగా సగం పొట్లాలు సుంకం కిందే పోతాయన్నాడు.

"మరెలా అన్నయ్యా?"

"మందు అని రాద్దాం ఎలుగమ్మా. మందుకి సుంకం లేదు. అందులో ఏముందని రోగి అడగడు, వైద్యుడు చెప్పడు."

"దీంతో దగ్గు కూడా తగ్గదే."

"తగ్గుతుందని మనం ఎక్కడ రాశాం?"

ఎలుగమ్మకి మనసొప్పలేదు. కానీ పైన మబ్బు నల్లబడుతోంది. వచ్చే దుంపల్లో సగం నరసింగానికి ఇచ్చేట్టు ఒప్పుకుని, పొట్లాల మీది రాతంతా చెరిపించి మందు అని రాయించి, పిల్లల్నీ వెంటబెట్టుకుని అతనితో బయల్దేరింది.

ఏటి దగ్గర సరిహద్దు అధికారి కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకునే సరుకు తనిఖీ చేస్తాడు. తెరిస్తే ఏదో ఒకటి కనిపిస్తుందని భయం. మందు అనగానే ఒక కన్ను తెరిచాడు.

"పథ్యం ఏమిటి?"

నరసింగం తడబడ్డాడు. పథ్యం లేని మందుని ఎవరు నమ్ముతారు చెప్పండి? వంకాయ మానమనో, చారన్నమే తినమనో ఏదో ఒకటి ఉంటేనే అది మందు. అప్పటికే దుంపల మీద మనసు పెట్టుకున్న నరసింగం నోటికొచ్చింది అనేశాడు. "కాల్చిన దుంపలు, ఎండుచేప. మూడుపూటలా."

కొంగ ఆ ముక్కే ముద్రగా వేయించి పంపేశాడు.

అవతలి అడవిలో రూలేమిటంటే, మందు రోగులకే, అదీ వైద్యుడి చీటీ మీదే. పథ్యం సర్కారు పెట్టాలి. వైద్యుడు ముళ్ళపంది, సూదులకి కొదవలేదు. మొదట ఒక కుందేలు నిజంగానే దగ్గుతూ వచ్చింది. పప్పుండ తిని, దుంపలు తిని, చేపని పొరుగింటి నీటిపిల్లికిచ్చి, చుట్టాలందరికీ కబురు చేసింది. మర్నాటికి కుందేళ్ళ వాడంతా దగ్గు. ఆపైన జింకలకి నీరసం, అడవిదున్నలకి తలతిప్పు. ఏనుగుకి ఎక్కడా నొప్పి లేదు గానీ "ఏదో అదోలా" ఉంది. సూది వేస్తానని బెదిరించినా ఎవరికీ తగ్గలేదు.

ఒక్క దుప్పి పిల్లకి మాత్రం నిజంగా మొహం ఉబ్బింది. వేరుశనగ పడలేదు, అంతే. ముళ్ళపంది జబ్బు ముదిరిందని రెండో పప్పుండ రాశాడు.

అధ్యక్షుడు కొండముచ్చు సభ చేర్చి మహమ్మారి ప్రకటించాడు. ఏటి రేవు మూసేశారు. దుంపలన్నీ ఇక రోగుల పథ్యానికే, ఎవరికీ మారకం ఇవ్వకూడదని ఉత్తర్వు వేశారు. ఎలుగమ్మకి పప్పుండలూ పోయాయి, దుంపలూ రాలేదు. నోరెత్తకు, ఈ గోల సద్దుమణిగాక అడుగుదామన్నాడు నరసింగం. ఆవిడ ఊరుకునేదే. కానీ ఆ దుప్పి పిల్ల రెండో పప్పుండ కొరకబోవడం కంటబడింది. ఆ ఉండ లాక్కుని, తిన్నగా సభలోకి నడిచింది.

"అయ్యా, ఇది మందు కాదు, వేరుశనగ పప్పుండ. ఆ పిల్లకి పడలేదు. మిగతా ఎవరికీ ఏ జబ్బూ లేదు."

ఏనుగు తొండం దించుకుంది. జబ్బే లేకపోతే మరి ఇన్నాళ్ళు తిన్న పథ్యం ఏమిటి? చీటీలు రాసిన వైద్యుడేమిటి? మహమ్మారి ప్రకటించిన అధ్యక్షుడేమిటి?

కొండముచ్చు ముళ్ళపంది వైపు చూశాడు. ముళ్ళపంది ఎలుగమ్మ నాలుక చూసి, నాడి పట్టి, తలాడించాడు. "తలకెక్కింది. ఇలాంటప్పుడే మందుని మిఠాయి అంటారు."

పిల్లలకీ సోకి ఉంటుందని ముగ్గుర్నీ రోగుల గుహలో చేర్చారు. ఎందుకైనా మంచిదని దుప్పి పిల్లకి పప్పుండ మాన్పించారు. వాపు తగ్గింది. ముళ్ళపందికి సన్మానం జరిగింది.

వానాకాలమంతా ఎలుగమ్మకీ పిల్లలకీ కాల్చిన దుంపలు, ఎండుచేప, మూడుపూటలా. నాకు జబ్బు లేదు మొర్రో అన్నప్పుడల్లా రెండు దుంపలు ఎక్కువ వేసేవారు.

నరసింగం తన సగం అడిగాడు. రోగులకే అన్నారు. నాకూ ఒంట్లో బాగాలేదన్నాడు. ముళ్ళపంది పప్పుండ చూపించి, ఇది మందా మిఠాయా అని అడిగాడు. మిఠాయంటే దొంగ పొట్లాల నేరం మెడకి చుట్టుకుంటుంది. మందేనన్నాడు నరసింగం.

మందుని మందన్నాడు గనక తలకెక్కలేదని, ఈ అడవిలో ఆరోగ్యంగా ఉన్నవాడు ఇతనొక్కడేనని తేల్చి, పథ్యం వడ్డించే పని అప్పజెప్పారు.

ఇందులోని నీతి: సభకి నిజం చెప్పడానికి వెళ్ళేటప్పుడు కంచం కూడా పట్టుకెళ్ళండి.