కార్డు అడిగిన దిండు

మాది పరుపుల దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో కాపురం. నేను దూదిని ఏకుతాను, మా ఆవిడ నన్ను ఏకుతుంది. మిగిలిన వేళల్లో తను కుట్టుమిషను మీద దిండుగలీబులు కుడుతుంది, నేను పరుపులు సరిగా కుదిరాయో లేదో పడుకుని చూస్తాను. అందుకే వీధిలో నన్ను కునుకుగారంటారు.

నిజానికి మా దుకాణంలో మెలకువగా ఉండడం మాటలు కాదు. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. అందులో దూది నూగు తేలుతూ ఉంటుంది, కిందికి దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. లోపల కుట్టుమిషను జోకొడుతున్నట్టు మోగుతుంటుంది. కొనడానికి వచ్చినవాళ్ళే గోడకి చేరగిలబడి, దేనికొచ్చారో మర్చిపోతారు.

అలాంటి ఒక మధ్యాహ్నం లాడ్జి నడిపే ఒకావిడ వచ్చి, గదులన్నింటికీ దిండ్లు కావాలంది. అన్నీ ఎంచుకున్నాక కార్డు తీసింది. మా దగ్గర కార్డు నడవదన్నాను. ముందే చెప్పొచ్చుగా అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

మనసు బాగాలేక కొత్త పరుపు మీద వాలాను. కలలో వీధి చివరిదాకా జనం. అందరూ మెత్తని చెప్పులు వేసుకుని, ఆవులిస్తూ, కార్డులు చేతబట్టుకుని మా గుమ్మంలోకి తేలివస్తున్నారు. లేచేసరికి కార్డు మెషీను పెట్టాలని తీర్మానించుకున్నాను.

మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూనే వింది.

"కార్డు ఇచ్చేవాళ్ళు మనకెంతమంది వస్తారండీ?"

"అప్పుడప్పుడూ వస్తున్నారుగా."

"మరి మెషీను అద్దె కూడా అప్పుడప్పుడే తీసుకుంటారా?"

"నెలనెలా."

"అయితే వద్దు."

నేను వెళ్ళి మళ్ళీ పడుకున్నాను. కానీ ఆ కల వదలలేదు. మర్నాడు మెషీన్ల ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. ఆయనది లాలిపాట పాడాల్సిన గొంతు. షరతులు చదువుతుంటే కళ్ళు మూతలు పడ్డాయి. ఆ మగతలోనే సంతకం పెట్టేశాను. మా ఆవిడ కంటపడకుండా మెషీనును ఒక దిండులోకి తోసి, మూతి దగ్గర రెండు టాకాలు వేసి, దొంతరలో దాచాను.

ఆ రోజు నుంచీ కార్డు ఇచ్చే మనిషి ఒక్కడూ రాలేదు. ఎంత బతిమాలినా నోట్లే ఇచ్చారు. ఈలోగా ఏజెంటు ఫోను చేసి, మెషీను మీద కొంతైనా బేరం నడవకపోతే అద్దెతోపాటు రుసుము కూడా పడుతుందని జోల పాడాడు.

ఎదురుగా ఉన్న సెలూనతన్ని బతిమాలుకున్నాను. అతను కార్డు గీకాలి, అంత సొమ్మూ నా సొరుగులోంచి నోట్లుగా తీసుకోవాలి. అతను సంతోషంగా గీకాడు. గడ్డాలు గీకుతూ ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఇక బ్యాంకు దాకా నడవడానికి బద్ధకించేవాళ్ళంతా మా ఆవిడ బజారుకెళ్ళే వేళ చూసుకుని రావడం మొదలుపెట్టారు. నేను టాకాలు విప్పి మెషీను తీసేవాణ్ణి, పనయ్యాక మళ్ళీ వేసేవాణ్ణి. వాళ్ళు డబ్బు తీసుకుని, పనిలో పనిగా కాసేపు నడుం వాల్చి వెళ్ళేవారు. అచ్చం నా కలలాగే ఉంది. ఆ మైమరపులో సొరుగు అడుగు కనిపిస్తున్న సంగతి చూసుకోలేదు. పైగా గీకిన ప్రతిసారీ కంపెనీ కాస్త కోసుకుంటుంది. అంటే నా డబ్బు నేనే ఇచ్చి, ఇచ్చినందుకు కమిషను కూడా నేనే కట్టుకున్నాను.

ఒకరోజు దూది వ్యాపారి బేళ్ళు దింపి, చేతులు దులుపుకుని నిలబడ్డాడు. మా ఆవిడ సొరుగు లాగింది. అందులో ఒక గుండీ ఉంది.

డబ్బు వస్తోందని నెమ్మదిగా చెప్పాను. ఏ దారిలో వస్తోందని అడిగింది. బ్యాంకు దారిలో అన్నాను. రుజువు చూపిద్దామని దొంతర దగ్గరికి వెళితే దిండు లేదు.

"పొద్దున డ్రిల్లు మాస్టారికి అమ్మాను," అంది మా ఆవిడ. "గట్టి దిండు కావాలన్నారు. ఉన్నవాటిలో అదొక్కటే గట్టిగా ఉంది."

నేను చెప్పులు వెతుక్కుంటుండగానే రిటైరైన ఆ డ్రిల్లు మాస్టారు దిండు చంకన పెట్టుకుని వచ్చాడు. నిద్రకళ్ళతో ఉన్నాడు. తల ఆనించగానే దిండు "దయచేసి కార్డు పెట్టండి" అందట. ఇటు తిరిగితే "విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి" అందట. క్రమశిక్షణ గల మనిషి కనక మధ్యాహ్నమంతా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడట.

మా ఆవిడ కత్తెరతో టాకాలు తెంపి, మెషీను బయటికి తీసి, దూది ఊదింది. వ్యాపారి చూడ్డానికి వీలుగా బేలు మీద కూర్చున్నాడు.

"ఇదేమిటండీ?"

"దిండుకి దన్ను," అన్నాను.

మాస్టారు మాట్లాడని దిండొకటి, దాంతోపాటు ఒక పరుపూ ఎంచుకుని, జేబులోంచి కార్డు తీశాడు. నా గుండె దూదిలా తేలింది. మెషీను అందుకుని మీట నొక్కాను. వెలగలేదు. అందులోని చార్జింగంతా మాస్టారు నిద్ర ప్రయత్నాల్లోనే వాడేశాడు.

మా ఆవిడ బొడ్లోంచి తన ఫోను తీసింది. ఏదో నొక్కి, దాని వీపుకి కార్డు తాకించమంది. టింగుమంది. అంతే, సొమ్ము పడిపోయింది.

ఇలా ఫోనుతో తీసుకుంటే అద్దె లేదట. ఎవరైనా కార్డు ఇచ్చినప్పుడు మాత్రం కాస్త కోసుకుంటారట. లాడ్జి ఆవిడ మెట్లు దిగుతుంటే పక్కగుమ్మంలోంచి పిలిచి, ఆ సాయంత్రమే దిండ్లన్నీ పంపించిందట. ఆ సొమ్ముతోనే వ్యాపారి లెక్క ఫోనులోంచే తీర్చేసింది.

"మరి నాకు చెప్పలేదేం?"

"మెషీను వద్దన్నాక చెబుదామనే మీ వెనకాలే వచ్చాను. అప్పటికే మళ్ళీ పడుకుని ఉన్నారు. ముఖం చూస్తే మంచి కలేదో వస్తున్నట్టుంది. లేపబుద్ధి కాలేదు."

నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు.

మెషీను తిరిగివ్వడానికి తనే వెళ్ళింది. ఏజెంటు జోల మొదలుపెట్టాడట. మా ఆవిడకి పగటినిద్ర అలవాటు లేదు. ఆయన మెషీను వెనక్కి తీసుకోవడమే కాక, రెండు దిండ్లు కూడా కొని ఫోనుకి కార్డు తాకించాడు.

నిన్న మధ్యాహ్నం కిటికీ పక్క పరుపు మీద ఉన్నాను. నూగు మెల్లగా నా మీదికి దిగుతోంది. ఎవరో వచ్చి కార్డు తీసుకుంటారా అని అడిగారు. నేను కళ్ళు తెరవకుండా కుట్టుమిషను చప్పుడు వైపు వేలు చూపించాను.

"మరి ఈయనేం చేస్తారండీ?" అని ఆ గొంతు లోపలికి అడగడం వినిపించింది.

"పరుపు ఎలా ఉంటుందో వచ్చినవాళ్ళకి తెలియాలి కదండీ," అంది మా ఆవిడ. "అది చూపించడానికి ఆయన్ని పెట్టాను."