మేడమ్‌గారికి నప్పే గౌను

కాటా మేస్త్రి కూతురు చనిపోయిన తల్లి గౌనును బట్టల దుకాణంలో ఇచ్చేసి, ఆ తగ్గింపుతో ఒక బేబీడాల్ డ్రెస్ కొనుక్కుంది. ఇది తప్పు. ఇందులో రెండో అభిప్రాయానికి చోటు లేదు. అల్లుడు మాత్రం "పాత గుడ్డే కదా మామయ్యా" అన్నాడు. అల్లుడి అభిప్రాయాన్ని ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోరు కనుక ఇక్కడా పట్టించుకోనక్కర్లేదు.

మేస్త్రి బజారులో త్రాసులు, కాటాలు బాగుచేస్తాడు. ముల్లు సున్నా దగ్గర నిలబడేదాకా పీట మీంచి లేవడు. మాటలు కూడా తూచి ఇచ్చే మనిషి. భార్య పోయాక ఆ తూకం ఇంకా తగ్గించాడు. ఆమె వస్తువుల్లో ఒక్క గౌనును మాత్రం పెట్టెలో దాచుకున్నాడు. మెడ కింద కుచ్చులు, అక్కణ్ణుంచి అంతా వదులు, పక్కన ఆమె స్వయంగా కుట్టుకున్న పెద్ద జేబు. ఆమె బతికున్నప్పుడు కూతురు దాన్ని గోనెసంచి అనేది. స్నేహితురాళ్లు వస్తే, "అమ్మా, నువ్వు వంటింట్లోనే ఉండు" అనేది. తల్లి ఉండేది.

పెట్టె ఖాళీగా కనిపించిన రోజు మేస్త్రి కూతుర్ని పిలిచాడు.

"గౌనేది?"

"దుకాణంలో ఇచ్చేశాను నాన్నా. పాతది ఇస్తే కొత్తదాని మీద తగ్గిస్తున్నారు. ఎలాగూ చీకిపోయింది, పెట్టెలో మగ్గుతోంది."

"నన్నడగలేదేం?"

"అడిగితే వద్దంటావు కదా!"

ఈ వాదనలో లోపం ఎక్కడా లేదు. మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు.

బేబీడాల్ డ్రెస్ అంటే తెలియని పాఠకులు ఉండరు. ఉన్నా బయటికి చెప్పుకోరు. అలాంటివారి గౌరవం కాపాడడానికి క్లుప్తంగా వివరిస్తాను. ఛాతీ వరకు బిగువు, అక్కడ కుచ్చులు, అక్కణ్ణుంచి కిందికి ఏ బాధ్యతా లేకుండా వదిలేసిన గుడ్డ, మోకాలు రాకముందే ముగింపు. పసిపిల్లల గౌను లాంటిదే. కాకపోతే పసిపిల్లల గౌనుకు గుడ్డ ఎక్కువ, ధర తక్కువ. ఆ ఏడాది ఊళ్లోని పెద్ద ఆడవాళ్లందరూ బొమ్మలు కావాలని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. కోర్టులో వకీలమ్మ బేబీడాల్‌లో వాదించి హత్య కేసు గెలిచింది. బ్యాంకు మేనేజరమ్మ గడ్డం కింద రిబ్బను ముడి వేసుకుని రైతుల అప్పులు తిరస్కరించింది. అదే సమయంలో ఉయ్యాల్లో పిల్లలకు కోట్లూ టైలూ కుట్టించారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఎవరిని ఎత్తుకోవాలో, ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక గుమ్మంలో కాసేపు తడబడేవారు. ఇది ప్రగతి కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

దాన్ని ఎలా వేసుకోవాలో చెప్పే నిపుణులకూ కొదవ లేదు. డ్రెస్ వదులుగా ఉండాలి, అందం అక్కడే ఉంది. అయితే అందులో మనిషి సన్నగా కనబడాలి. సన్నగా కనబడాలంటే బెల్టు పెట్టాలి. బెల్టు పెడితే అది బేబీడాల్ కాదు. నిపుణులు సమావేశమై చాలాసేపు చర్చించి, బెల్టును చేత్తో పట్టుకుని నడవమన్నారు. అందరూ పట్టుకుని నడిచారు. మేస్త్రి కూతురికి బెల్టు, ఫోను పట్టుకున్నాక చేతులు మిగల్లేదు కనుక చేతిసంచి అల్లుడి భుజానికెక్కింది. దుకాణంవాళ్లు భర్తల కోసం ఒక బెంచీ వేయించి, 'బాగుంది' అనే మాటను నమ్మేలా పలకడం నేర్పడానికి ఒక ఉద్యోగిని కూడా పెట్టారు. అల్లుడు మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణుడయ్యాడు.

మేస్త్రి వెళ్లేసరికి అద్దాల వెనక తల లేని బొమ్మకు ఆయన భార్య గౌను తొడిగి ఉంది. కింద పలక మీద, 'కాలం కన్నా ముందు నడిచిన బేబీడాల్. చేతికుట్టు. రంగు సహజంగా వెలిసినది' అని రాశారు. ఆడవాళ్లు వరసలో నిలబడి దానితో ఫోటోలు దిగుతున్నారు. వాళ్లలో కొందరు ఆయన వీధివాళ్లే. ఒకప్పుడు ఇదే గౌను మెట్ల మీద కనబడితే మూతి పక్కకు తిప్పుకుని నవ్వినవాళ్లు. మేస్త్రి వాళ్లను గుర్తుపట్టాడు. వాళ్లు గౌనును గుర్తుపట్టలేదు. లోపల మనిషి లేకపోయేసరికి దానికి అంత అందం వచ్చింది.

"ఆ గౌను నాకు కావాలి" అన్నాడు కౌంటరు దగ్గర అమ్మాయితో.

"స్టైలింగ్ లేకుండా మేం బేబీడాల్ ఇవ్వం సార్. వేసుకునేవాళ్ల గురించి మొత్తం తెలియాలి. లోపలికెళ్లండి, మా మేడమ్ చూస్తారు."

లోపల స్టైలిస్టు మెడలో టేపుతో కూర్చుని ఉంది. ఆ టేపుతో ఆమె ఎవరినీ కొలవదు. కళ్లు మూసుకుని వ్యక్తిత్వాన్ని కొలుస్తుంది.

"వేసుకునేది ఎవరు సార్?"

"నా భార్య."

"వయసు?"

"ఆగిపోయింది."

"అందరూ అదే చెబుతారు సార్, పర్లేదు. మేడమ్‌ని కూడా తీసుకురాకపోయారా?"

"చనిపోయింది."

"అయ్యో!" అని స్టైలిస్టు కళ్లు తెరిచింది. వృత్తి నిబంధన ప్రకారం కొంత విరామం పాటించింది. "అయితే లేత రంగులకు వెళ్దాం సార్. ఎక్కువగా నిలబడతారా, కూర్చుంటారా?"

"పడుకునే ఉంటుంది."

"అలాగైతే వెనక గుండీలు వద్దు, ఒత్తుకుంటాయి. బరువు పెరిగే అవకాశం?"

"లేదు."

"నలుగురిలోకి వెళ్తారా?"

"అప్పుడూ వెళ్లలేదు, ఇప్పుడూ వెళ్లదు."

స్టైలిస్టు కలం కింద పెట్టింది. "సార్, ఇన్నేళ్ల సర్వీసులో ఇంత స్పష్టత ఉన్న కస్టమర్‌ని నేను చూడలేదు. మేడమ్‌కి ఆ గౌనులో బాగా నచ్చేదేమిటి?"

"జేబు."

"జేబు తీసేశాం సార్. గుడ్డ జారే తీరు చెడిపోతోంది. అందులో ఏదో చెత్త ఉంటే అది కూడా పారేశాం. గుండీ, దారం ముక్క, దగ్గు బిళ్లలు."

ఆ బిళ్లలు ఆమెవి కావు. దగ్గేది మేస్త్రి.

ఆయన కుర్చీ చేతిని పట్టుకుని తల వంచుకున్నాడు. స్టైలిస్టు దాన్ని అంగీకారంగా భావించి అసలు విషయానికి వచ్చింది. ఆ గౌను అమ్మకానికి లేదు. సీజను చివర్లో 'ఆదర్శ బేబీడాల్ మహిళ'ను ఎన్నుకుంటారు, గౌను ఆమెకే బహుమానం. మేడమ్‌గారి వివరాలు అసాధారణంగా ఉన్నాయి కనుక ఆవిడ పేరు కూడా పోటీలో పెట్టవచ్చు. గౌను ఇంటికి రావడానికి మేస్త్రికి వేరే దారి కనబడలేదు.

"పెట్టండి" అన్నాడు.

ఆ పోటీలో కూతురు కూడా ఉంది. అన్నం మానేసి కీరదోస ముక్కలతో బతుకుతోంది. కుర్చీలోంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. "తను గెలిస్తే అత్తయ్యగారి గౌను మళ్లీ మనింటికే వస్తుంది మామయ్యా" అని అల్లుడు ధైర్యం చెప్పాడు. ఇవ్వకుండా ఉంటే అసలు వెళ్లేదే కాదని ఎవరూ అనలేదు. అది వెనకబడిన ఆలోచన.

సభ దుకాణం పై అంతస్తులో ఘనంగా జరిగింది. యజమాని మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"సోదరీమణులారా! ఈ పోటీలో ఎందరో పాల్గొన్నారు. కానీ ఒకే ఒక్క మహిళ మా కొలతలన్నింటికీ సరిపోయారు. ఆవిడ సైజు మారదు. కొన్నది వాపసు తీసుకురారు. ట్రయల్ రూములో తలుపేసుకుని సాయంత్రం దాకా కూర్చోరు. ఏది తొడిగినా కాదనరు, ఎంత చెప్పినా ఎదురాడరు. ఇంత ఓర్పు, ఇంత నెమ్మది, ఇంత స్థిరమైన నడుము ఈ కాలంలో ఎక్కడ చూస్తాం? ప్రతి ఆడపిల్లా ఆవిడను చూసి నేర్చుకోవాలి. కొన్ని అనివార్య కారణాల వల్ల ఆవిడ ఈ సభకు రాలేకపోయారు. ఆ రాకపోవడంలో కూడా ఎంతో హుందాతనం ఉంది!"

చప్పట్లు మోగాయి. భర్తల బెంచీ మీంచి అవి ఎక్కువసేపు వినిపించాయి.

కూతురు కూడా చప్పట్లు కొట్టి, తండ్రి చెవి దగ్గరికి వంగింది. "అమ్మని పోటీకి పెట్టానని ముందే చెప్పొచ్చు కదా నాన్నా! నేనిలా కడుపు మాడ్చుకునేదాన్ని కాదుగా."

మేస్త్రి వేదిక ఎక్కాడు. గౌను ఆయన చేతిలో పెట్టారు. దానికీ స్టైలింగ్ పూర్తి చేశారు. కింద జానెడు కత్తిరించి, మెడకు రిబ్బను కుట్టి, ఆమె వాసన పోయేదాకా సెంటు కొట్టారు. ఆయన దాన్ని మడతపెట్టబోయాడు. ఎక్కడ మడవాలో చేతికి అందలేదు. ఇంతలో ముందు వరసలో ఒక యువతి లేచింది.

"అంకుల్, ఒక్క ప్రశ్న. ఆంటీలా అవ్వాలంటే మేమేం చెయ్యాలి? ఆవిడ ఏం తినేవారు?"

హాలంతా చెవులు రిక్కించింది. యజమాని స్వయంగా మైకు తెచ్చి మేస్త్రి నోటి దగ్గర పెట్టాడు. మేస్త్రి వరస వరసనా అందరినీ చూశాడు. కాటా పళ్లెంలో రాయి వేసేముందు చూసే చూపు అది.

"ఏం చెయ్యక్కర్లేదమ్మా. తొడుక్కోమన్నది తొడుక్కుంటున్నారు. పట్టుకోమన్నది పట్టుకుంటున్నారు. తినొద్దంటే మానేస్తున్నారు. చాలావరకు వచ్చేశారు. ఊపిరొక్కటే మిగిలింది."

పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టారు. వెనక వరసల్లో కొందరు ఫోనులో రాసుకున్నారు. ఆ మాట తన దుకాణం సంచుల మీద అచ్చు వేయిస్తానని యజమాని అక్కడికక్కడే ప్రకటించి, మాట నిలబెట్టుకున్నాడు. సంచి కోసమే డ్రెస్ కొన్నవాళ్లున్నారు. మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది, తలుపు వెనక చూడండి.

మెట్లు దిగుతుండగా కూతురు గౌను అంచు పట్టుకుని చూసింది. "ఇప్పుడు పొట్టిగా ముద్దుగా ఉంది నాన్నా. ఒక్కసారి వేసుకుని ఇచ్చేయనా?"

మేస్త్రి అంచును ఆమె వేళ్లలోంచి తీసుకున్నాడు.

"ఈ గౌను మాట ఇదే ఆఖరు. నువ్వు అడగొద్దు. నేను చెప్పను."

ఆ తర్వాత సన్మానం చేస్తామని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు వచ్చి ఆయన గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ల దుకాణాల కాటాలు ఉంటే తెమ్మన్నాడు. గౌను గురించి మాట్లాడలేదు. ఇక మాట్లాడడు.