గంట మోసినవాళ్ళ మనవళ్ళు

ఒక పెద్ద అడవిలో, అంత పెద్దదేమీ కాని ఊరు ఒకటి ఉండేది. పేరు గంటగుట్ట. సముద్రాల అవతలినుంచి ఒక తెల్ల కొంగ దొర వచ్చి గుట్ట మీద ఆసుపత్రి కట్టాడు, పక్కన బడి కట్టాడు, రెంటికీ మధ్య ఊరి కూటానికి సావడి వేసి, అందులో ఒక కంచు గంట వేలాడదీసి వెళ్ళాడు. అప్పటిదాకా ఒకరినొకరు తరుముకు తిన్న జంతువులు మొదటి గంటకు పనిలోకీ రెండో గంటకు ఇంటికీ పోవడం నేర్చుకున్నాయి.

ఊరి కట్టుబాటు కూడా ఆ గంటతోనే. గంట మీద చెయ్యి వేసి చెప్పిన మాటకు తిరుగులేదు. సంబంధం కుదిరినా, కలుగుల హద్దు తేలినా అందరూ అక్కడికే వెళ్ళేవారు. గంటకు ఒక పక్క పెద్ద పగులు ఉండేది. అందుకని అది ఖంగుమనేది కాదు, జలుబు చేసినవాడు పిలిచినట్టు మోగేది.

ఆ ఊళ్ళో బడిపంతులుగా చేసి రిటైరైన ఏదుపంది ఒకాయన ఉన్నాడు. జ్ఞానప్రకాశం మాస్టారు. చదువుంది, ముళ్ళున్నాయి, లేనిదల్లా పరువు. ఆయన ఇంటిపేరు ఏదైతేనేం, ఊరంతా వాళ్ళని ‘ఆలస్యంవాళ్ళు’ అనేది. కూటంలో ముందు చాపలన్నీ దొరగారి వెంట మొదట నడిచామనుకునే ఎలుగుబంట్లవి, కుందేళ్ళవి. మాస్టారి చాప వెనక, తలుపు దగ్గర, చెప్పుల పక్కన. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించినవాడు అక్కడ కూచుని వాళ్ళ వీపులు చూడాల్సి రావడం ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

తల్లి ఎస్తేరమ్మకు మాత్రం ఆ పేరంటే ఏ బాధా లేదు. “మనకా పేరు ఎందుకొచ్చిందంటే నాయనా...” అని ఆవిడ ఎప్పుడు మొదలుపెట్టినా మాస్టారు అడ్డం పడేవాడు.

“ఇప్పుడా కథలన్నీ ఎందుకమ్మా? మందు వేసుకో” అని లేచిపోయేవాడు.

ఇలా ఉండగా కొంగ దొరగారి మనవడు ఊరు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. వెంటనే చరిత్ర పరిరక్షణ సంఘం పుట్టింది. ఊళ్ళో ఏ సంఘం పుట్టినా అధ్యక్షుడు ఎలుగుబంటి దైవాదీనం గారే. ఆ సంఘం దేనికో ఆయన తర్వాత తీరిగ్గా కనుక్కునేవాడు. రాతపని మాస్టారికి అప్పగించారు. గంటను వాగు ఒడ్డునుంచి గుట్ట మీదికి మోసిన ధన్యుల పేర్లు రాతిపలక మీద చెక్కించి, గంట కింద నిలబెట్టాలని తీర్మానం చేశారు.

మోసిందెవరో ఎవరికీ తెలియదు. మాస్టారికి తెలిసిందల్లా ఒక్కటే: ఆ పలక మీదికి ఎక్కినవాడి మనవడు ఇక చెప్పుల పక్కన కూచోడు. అందుకని ధన్యుల వరసలో అట్టడుగున తన తాత పేరు కూడా రాసుకున్నాడు.

దైవాదీనం గారు అది చూసి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. “మాస్టారూ, మీ తాత మోశాడా? మీరు ఆలస్యంవాళ్ళు కదండీ.”

“మోశాడండీ. మీ తాతగారు ముందు, మా తాత వెనక.”

తన తాత గంట మోశాడని దైవాదీనం గారు వినడం అదే మొదలు. “ఔనౌను. మా నాయన చెబుతుండేవాడు” అన్నాడు.

ఇక ఆపేవాళ్ళెవరు? స్త్రీల సమాజం పెద్ద, కుందేలు సుగంధమణమ్మ వచ్చి, మగవాళ్ళు మోస్తుంటే మా తాతమ్మ చేతులు ముడుచుకు కూచుందనుకున్నారా అని నిలదీసింది. తాతమ్మ ఎక్కింది. తర్వాత ఉడతలు ఎక్కారు, తాబేళ్ళు ఎక్కారు. గంట వచ్చిన చాలా కాలానికి ఊళ్ళో కాపరం పెట్టిన కోతి, పలక చెక్కే పని తనదే కాబట్టి, అడక్కుండానే వాళ్ళ తాతను చెక్కేసుకున్నాడు. అంతమంది వరసగా నిలబడితే గంటను ఎవరూ మోయక్కర్లేదు, చేతులు మారుతూనే గుట్టెక్కిపోయేది.

మాస్టారు ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించాడు. పగులు సంగతి ఎవరూ తేల్చలేకపోతే, దొరగారు సెలవు తీసుకుంటుంటే దుఃఖం పట్టలేక గంటకు గుండె పగిలిందని రాశాడు. అది చదివి సుగంధమణమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది కూడా.

“అందర్నీ అడిగావు, నన్నడగవేంరా?” అంది ఎస్తేరమ్మ ఒకరోజు.

“నీకేం తెలుస్తుందమ్మా? నువ్వెప్పుడూ వెనక చాప మీదేగా” అన్నాడు మాస్టారు.

ఆ రోజు రానే వచ్చింది. మాస్టారికి ముందు చాప దొరికింది. దాని మీద కూచుని ఆయన ముళ్ళన్నీ నున్నగా దువ్వుకున్నాడు. తల్లి మాత్రం అలవాటు కొద్దీ తలుపు దగ్గరే కూలబడింది.

చిన్న కొంగ దొర పలకంతా శ్రద్ధగా చదివాడు. “గంట మోసినవాళ్ళ మనవళ్ళు ఇంతమంది ఉన్నారా? వాళ్ళ సంగతి మా తాత రోజూ చెప్పేవారు” అన్నాడు. ముందు చాపల మీద ఛాతీలు పొంగాయి. “వాగు దాటుతుంటే ఉరిమిందట. వాళ్ళు గంటను రాళ్ళ మీద పడేసి పారిపోయారట. ఈ పగులు అప్పటిదే.”

అందరూ నేల చూపులు చూశారు. మొదట తేరుకున్నది దైవాదీనం గారే. పలకలో అచ్చుతప్పు దొర్లిందనీ, తన తాత ఆ రోజు ఊళ్ళోనే లేడనీ గంట మీద చెయ్యి వేసి చెప్పాడు. ఆకు కదిలితే మూర్ఛపోయే మా తాతమ్మ గంటేం మోస్తుందండీ అని సుగంధమణమ్మ ప్రమాణం చేసింది. వెనక బారులు తీరారు. ఒక్కొక్కరూ చెయ్యి వేయడం, కోతి ఉలి తీసుకుని ఆ పేరు చెరిపేయడం. తన తాతను అందరికంటే ముందే చెరిపేశాడు.

మాస్టారి వంతు వచ్చింది. ముందు చాప వైపు ఒకసారి చూసుకున్నాడు. వదులుకోబుద్ధి కాలేదు. కానీ పిరికివాడి మనవడనిపించుకోవడం కన్నా ఆలస్యంవాడు అనిపించుకోవడమే నయమనిపించింది. వెనకనుంచి ఎస్తేరమ్మ చేతికర్ర పైకెత్తి ఏదో చెప్పబోయింది. ఆయన కూచోమని సైగ చేసి, గంట మీద చెయ్యి వేశాడు.

“మా వంశంలో ఎవరూ ఏనాడూ ఈ గంటను మొయ్యలేదు.”

పలక నున్నబడింది. చిన్న దొర అంతా అయ్యేదాకా ఒంటికాలి మీద ఓపిగ్గా నిలబడి, అప్పుడన్నాడు: “నేనింకా సగమే చెప్పానండీ. వాళ్ళు పారిపోయాక ఒకాయన ఆలస్యంగా వచ్చాడట. పిలిచిన వేళకు అందుకోలేక పరుగెత్తుకొస్తుంటే వాగులో గంట కనిపించింది. ఒక్కడే నెత్తిన బోర్లించుకుని, వానలో గుట్టెక్కించాడు. ఆయన పేరు మా తాతకు గుర్తులేదు. గంట లోపల గీతలుంటాయి, అవి ఆయన ముళ్ళు గీసుకున్నవేనని చెప్పేవారు.”

సుగంధమణమ్మ వంగి గంటలోకి చూసింది. గీతలున్నాయి. బడికి గంట కొట్టినన్నాళ్ళూ మాస్టారు చూసిన గీతలే.

“ఆసుపత్రికి ఆయన పేరు పెట్టాలని వచ్చాను. ఆయన వంశంవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన చెయ్యి ఇంకా గంట మీదే ఉంది.

“లేరండీ,” అన్నాడు దైవాదీనం గారు. కట్టుబాటంటే ఆయనకు ప్రాణం, అందులోనూ అది ఇతరులకు వర్తించేటప్పుడు. “ఇప్పుడే తమరి ఎదుట ప్రమాణం చేశారు కదా.”

చిన్న దొర చాలా నొచ్చుకున్నాడు. పోనీ ఖాళీ పలక మీద ఆ మాటే రాయించమని కోరాడు. ఊళ్ళో దస్తూరీ బాగున్నది మాస్టారికే. ఆయనే సుద్దతో రాసిచ్చాడు, కోతి చెక్కాడు: ‘ఈ గంటను మోసినది పేరు తెలియని ఒక ఏదుపంది. వారసులు లేరు.’

కూటం ముగిశాక మాస్టారు వెళ్ళి తలుపు దగ్గర, చెప్పుల పక్కన, తల్లి చాప మీద కూచున్నాడు.

“అమ్మా, మనకా పేరు ఎందుకొచ్చిందో చెప్పవే.”

“ఇప్పుడా కథలన్నీ ఎందుకు నాయనా?” అంది ఎస్తేరమ్మ, చేతికర్ర వెతుక్కుంటూ. “మందు వేసుకునే వేళయింది.”

నీతి కావాల్సినవాళ్ళకు: ఊరి చరిత్ర రాసేటప్పుడు ఇంట్లో ముసలివాళ్ళని మాత్రం అడక్కండి, వాళ్ళకు నిజం తెలిసి ఉండే ప్రమాదం ఉంది.