పదకొండో లైట్‌హౌస్

ఆ శనివారం పొద్దున సెకన్లాయన వేసుకున్న పథకంలో ఒక్క నిమిషం కూడా వృథా లేదు. ఆరింటికి లేవాలి, ఆరున్నరకి స్నానం, ఏడింటికి టిఫిను, ఏడున్నరకి భార్యతో "లైబ్రరీ హాల్లో పెద్ద గడియారం ఆగిపోయిందట, చూసొస్తా" అని చిన్న అబద్ధం. అక్కణ్ణుంచి నేరుగా దుకాణం. బీరువా వెనక దాచిన ఆల్బం తీసి, అందులో మిగిలిన ఒకే ఒక్క ఖాళీ గడి నింపి, పదకొండు లోపల లైబ్రరీ హాల్లోనే జరుగుతున్న స్టాంపుల ప్రదర్శనలో పేరు రాయించుకోవాలి.

ఆయన వాచీలు బాగుచేస్తాడు. టైమెంతని ఎవరడిగినా గంటలూ నిమిషాలతో ఆగడు, సెకన్లు కూడా చెప్పిగానీ వదలడు. అందుకే వీధివీధంతా ఆయనకి ఆ పేరు ఖాయం చేసేసింది.

ఆ ఖాళీ గడి వయసు పందొమ్మిదేళ్ళు. ఒకప్పుడు లైట్‌హౌస్‌ల బొమ్మలతో పన్నెండు స్టాంపుల వరస ఒకటి వచ్చింది. పదకొండో స్టాంపులో సూర్యుడు నడినెత్తిన మండుతుండగా లైట్‌హౌస్ కూడా వెలుగుతున్నట్టు వేశారు. ఎవరో నవ్వారు. అచ్చువేసినవాళ్ళు నాలిక్కరుచుకుని మూడో రోజునే దాన్ని వెనక్కి తెప్పించేసుకున్నారు. అప్పటినుంచీ ఆ మూడు రోజుల్లో అమ్ముడుపోయిన స్టాంపుల కోసం సెకన్లాయన వెతకని చోటు లేదు, ఉత్తరం రాయని మనిషి లేడు.

ఆరునెలల క్రితం భార్యా అత్తగారూ ఊరినుంచి వస్తుంటే రైల్వేస్టేషన్‌కి వెళ్ళాల్సినవాడు, ఎవరి దగ్గరో ఆ స్టాంపు ఉందని తెలిసి అటు పరుగెత్తాడు. అక్కడ స్టాంపూ లేదు, ఇక్కడ ఈయనా లేడు. ఆడవాళ్ళిద్దరూ ప్లాట్‌ఫారం మీద పెట్టెలమీద మూడు గంటలు కూర్చున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో రేగిన గాలివానలో ఆయన "ఇక స్టాంపన్న వస్తువు ముట్టుకోను" అని మాటిచ్చాడు. నిలబెట్టుకున్నాడు కూడా, ఐదు నెలల పాటు. ఆరో నెలలో ఒక రిటైర్డు పోస్టుమాస్టరు తన తాతలనాటి జేబు గడియారం పట్టుకుని దుకాణానికొచ్చాడు. దాన్ని బతికించినందుకు ప్రతిఫలంగా ఆయన పర్సులోంచి తీసిచ్చింది అచ్చం ఆ పదకొండో లైట్‌హౌసే.

నిన్న సాయంత్రం దాన్ని దుకాణంలో వదిలి రావడానికి మనసొప్పక ఇంటికి తెచ్చి, భార్య జన్మలో తెరవని చోట, తుప్పుపట్టిన స్క్రూల డబ్బాలో, పారదర్శకమైన కవరులో పెట్టి దాచాడు. ఇప్పుడు డబ్బా తెరిస్తే స్క్రూలున్నాయి, కవరుంది. స్టాంపు లేదు.

సెకన్లాయన డబ్బా బోర్లించాడు. స్క్రూలన్నీ గది నలుమూలలకీ దొర్లాయి. ఆ చప్పుడుకి అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం వెతుకుతున్నారు అల్లుడుగారూ?"

"అబ్బే, ఏం లేదు అత్తయ్యగారూ. ఈ డబ్బాలో చిన్న కాగితం ముక్క ఏదైనా..."

"స్టాంపా? నా కళ్ళజోడు స్క్రూ ఊడిపోతే చూద్దామని తీశా. పెద్దదానికి ఉత్తరం రాసి రెండు రోజులైంది, స్టాంపు లేక ఆగిపోయింది. సమయానికి దొరికిందిలే అని అతికించేశా. అయినా ఏం జిగురు నాయనా అది! తడిపి తడిపి నాలుక పీక్కుపోయింది."

"ఉత్తరం ఎక్కడ?"

"పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు మలుపులో డబ్బాలో వేసేశాగా."

అత్తగారి పెద్దకూతురు, అంటే ఆయనకి వదిన, రెండొందల మైళ్ళ అవతల ఊళ్ళో ఉంటుంది. సెకన్లాయన చెప్పులేసుకోవడం మరిచిపోయి వీధిలోకి పరుగెత్తాడు.

పోస్టు డబ్బా మీద 'మొదటి తపాలా ఎనిమిది గంటలకు' అని ఉంది. తన వాచీలో ఏడూ నలభై ఒకటీ, ఇరవై రెండు సెకన్లు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే సన్న పట్టకారు తీసి, చెయ్యి మోచేతిదాకా డబ్బా నోట్లోకి దూర్చాడు. ఏదో కవరు మూల తగిలింది. ఊపిరి బిగబట్టాడు.

"ఏమండోయ్, ఏం జరుగుతోందిక్కడ?"

పక్కింటి రిటైర్డు హెడ్ కానిస్టేబులు. ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ళయినా గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. సెకన్లాయన ఉలిక్కిపడ్డాడు, పట్టకారు జారి డబ్బాలో పడింది, చెయ్యి ఇరుక్కుంది.

"మా అత్తగారు... ఉత్తరం వేశారండి. అది వెళ్ళకూడదు."

"అత్తగారి ఉత్తరమా?" హెడ్ కానిస్టేబులు కళ్ళు చిన్నవయ్యాయి. "ఎవరికి?"

"మా వదినగారికి."

"మీ గురించి ఏం రాశారేం?"

స్టాంపు సంగతి చెబితే అది ఐదు నిమిషాల్లో భార్య చెవిన పడుతుంది. "అది కుటుంబ విషయమండీ" అన్నాడు సెకన్లాయన. ఆ మాటతో హెడ్ కానిస్టేబులుకి కావలసిన ఆధారాలన్నీ దొరికిపోయాయి. ఇరుక్కున్న చెయ్యి బయటికి లాగిపెట్టి, అట్నుంచి అటే సెకన్లాయన ఇంటివైపు వడివడిగా నడిచాడు.

ఎనిమిదింటికి పోస్ట్‌మాన్ వచ్చి డబ్బా తెరిచాడు. ముందు పట్టకారు పడింది.

"ఇదెవరిది?"

"నాదే. ఆ ఉత్తరం కూడా మాదే, ఇచ్చెయ్యి బాబూ."

"డబ్బాలో పడ్డాక ఉత్తరం మీదెట్లా అవుతుందండీ? పట్టకారు తీసుకోండి. ఉత్తరం కావాలంటే ఆఫీసుకొచ్చి అడగండి." సంచీ సైకిలుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు. సెకన్లాయన వట్టికాళ్ళతో సైకిలు వెనకే పడ్డాడు.

పోస్టాఫీసులో పోస్టుమాస్టరమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా, అంటే బురద పాదాలదాకా, చూసింది. "రాసినవాళ్ళు వచ్చి, దరఖాస్తు పెట్టి, సంతకం చేస్తేనే వెనక్కిస్తాం. మీరు రాశారా?"

"లేదండీ, మా అత్తగారు."

"అయితే ఆవిణ్ణి రమ్మనండి."

ఆవిడ గొంతు వెనకాల తడికె అవతలినుంచి ఇంకో చప్పుడు వినిపిస్తోంది. ధబ్. ధబ్. ధబ్. ముద్రలు కొట్టే గుమాస్తా కుప్పలోంచి ఒక్కో ఉత్తరమే తీసి, స్టాంపుల మీద నల్లటి ముద్ర గుద్దుతున్నాడు. ఒక్కో ధబ్బుకీ సెకన్లాయన గుండె ఒక్కో మెట్టు దిగుతోంది. తన స్టాంపు కుప్పలో ఎక్కడుందో తెలియదు.

"ఆయన్ని ఒక్క పదినిమిషాలు కొట్టకుండా ఆగమనండి!"

"ఎందుకండీ?"

ఎందుకో చెప్పేలోపు గుమ్మం దగ్గర ఆటో ఆగింది. ముందు భార్య, వెనక అత్తగారు, ఆ వెనక దారి చూపిస్తూ హెడ్ కానిస్టేబులు.

"మా అమ్మ ఉత్తరం దొంగిలించడానికి పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టారా మీరు?" అంది భార్య. ఆవిడ నెమ్మదిగా మాట్లాడినప్పుడే ఆయనకి భయం ఎక్కువ. "అక్కకి తెలియకూడని పని ఏం చేశారండీ?"

"ఏమీ చెయ్యలేదే!"

"ఏమీ చెయ్యనివాడు చెప్పుల్లేకుండా పరుగెత్తుతాడా?" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

"అత్తయ్యగారూ, మీరొక్క సంతకం పెట్టండి, దణ్ణం పెడతా." ధబ్. "తరవాత అన్నీ చెబుతా." ధబ్.

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. "ఆరునెల్లనుంచి మీ ఇంట్లో ఉంటున్నా. నేను కూతురికి రాసుకునే నాలుగు ముక్కల మీద కూడా కాపలానా? నేను పెట్టను. అందులో ఏముందని మీ భయమో ముందు అది చెప్పండి."

"అవును, చెప్పండి" అంది భార్య.

"చెప్పండి" అంది పోస్టుమాస్టరమ్మ కూడా. ఆవిడకీ తెలుసుకోవాలనిపించింది.

ధబ్. ధబ్. సెకన్లాయనకి ఇక ఉండబట్టలేదు. "ఆ ఉత్తరంలో ఏమున్నా నాకక్కర్లేదు! దానిమీదున్న స్టాంపు కావాలి! పందొమ్మిదేళ్ళుగా వెతుకుతున్న స్టాంపది!" అని ఆఫీసు దద్దరిల్లేలా అరిచాడు.

అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో తడికె అవతలినుంచి ఒక్కటే చప్పుడు వినిపించింది.

ధబ్.

గుమాస్తా ఒక కవరు పైకెత్తి చూశాడు. "ఇదేనాండీ? లైట్‌హౌస్ బొమ్మ? భలే ఉందండీ, పట్టపగలు వెలుగుతోంది." ముద్ర సరిగ్గా సూర్యుడి మీదుగా లైట్‌హౌస్ నడుందాకా పడింది.

సెకన్లాయన బల్లమీద కూలబడ్డాడు. భార్య ఆయన వంక చూసింది. "స్టాంపా?" అంది. ఆ ఒక్క మాటలో ఆరునెలల నాటి ప్లాట్‌ఫారం మొత్తం ఉంది.

అత్తగారికి అంతకంటే వేరే బాధ కలిగింది. "ఏమున్నా అక్కర్లేదా? అందులో నేను రాసింది మీ గురించే. మా చిన్నల్లుడు స్టాంపుల పిచ్చి పూర్తిగా వదిలేశాడు, మాటంటే మాటే, నీ మొగుణ్ణి కూడా ఆయన్ని చూసి నేర్చుకోమను అని రెండు పేజీలు రాశా!"

హెడ్ కానిస్టేబులు దగ్గి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. ఉత్తరం వెనక్కి కావాలా అని పోస్టుమాస్టరమ్మ అడిగితే సెకన్లాయన తల అడ్డంగా ఊపాడు. నల్లటి ముద్రపడ్డ లైట్‌హౌస్‌ని ఆయన చూడలేడు. తపాలా సంచీ మూతికి తాడు బిగించారు, వ్యాను వెళ్ళిపోయింది.

ఆటోలో ఆయన దాచిన ఆల్బం, ప్రదర్శన సంగతీ అన్నీ ఒప్పేసుకున్నాడు. సగం దూరం వచ్చేసరికి భార్య కోపం మెత్తబడింది. మొగుడి ముఖం అంత దిగాలుగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. "సరే, మిగతా పదకొండు స్టాంపులైనా చూపించుకోండి. ఇంతదాకా వచ్చి ఇంటికెందుకు?" అని దుకాణం దగ్గర ఆల్బం తీయించి, ప్రదర్శనకి తనే తీసుకెళ్ళింది.

స్టాంపుల సంఘం అధ్యక్షుడు భూతద్దంతో పేజీ చూసి, ఖాళీ గడి దగ్గర ఆగి, సానుభూతిగా నాలుక చప్పరించాడు. సెకన్లాయన జరిగిందంతా చెప్పాడు. వింటున్న అధ్యక్షుడు కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

"ఉత్తరం మీద అతికించారా? ముద్ర కూడా పడిందా?"

"పడిందండీ. నడుందాకా."

"అయ్యో మహానుభావా! ముద్రపడనివి నాకు తెలిసి ఎనిమిదున్నాయి. ఆ మూడు రోజుల్లో కొన్నవాళ్ళంతా పదిలంగా దాచుకున్నారు. తపాలాలో ప్రయాణం చేసినది ఇంతవరకూ ఒక్కటీ లేదు. దాన్ని ఉత్తరానికి అతికించే మనిషి ఇంకా పుట్టలేదనుకున్నాం. ఆ కవరెక్కడ?"

సెకన్లాయన ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు. "వదినగారూ, మీకో ఉత్తరం వస్తుంది. కవరు చింపొద్దు. కత్తిరించొద్దు. స్టాంపు మీద వేలు కూడా పెట్టొద్దు. వచ్చి నేనే తీసుకుంటా."

వదిన తెలివైనది. కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది. ఎందుకు, ఏమిటి అని పది ప్రశ్నలు వేసింది. ఆయన కంగారులో పదింటికీ నిజమే చెప్పాడు. మూడో రోజున ఉత్తరం అందింది, నలిగిన మూల కూడా లేకుండా. పోస్టులో పడ్డ ఉత్తరం అందుకున్నవాళ్ళదేనని పోస్టాఫీసులో అడిగి రూఢి చేసుకుని, వదిన దాన్ని అద్దం కింద పెట్టించి, తన ఊళ్ళో జరిగిన ప్రదర్శనకి పంపింది. మొదటి బహుమతి వచ్చింది. ఉత్తరం రాసినావిడగా అత్తగారికి విడిగా ఒక యోగ్యతాపత్రం ఇచ్చారు. అది ఇప్పుడు సెకన్లాయన వాళ్ళ హాల్లో వేలాడుతోంది.

నిన్న వదిన దగ్గర్నుంచి పొడుగాటి కవరు వచ్చింది. 'మరిదిగారూ, ఈ స్టాంపుల్లో ఇంత రుచి ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు. నా వరసలో ఇంక పదకొండే తక్కువ, అవన్నీ మీ దగ్గరే ఉన్నాయట. మీకెలాగూ పూర్తికాని సెట్టు, నాకిచ్చేయకూడదూ? వెంటనే జవాబు రాయండి' అని ఉంది.

సెకన్లాయన ఇంకా జవాబు రాయలేదు. ఇంట్లో స్టాంపులు లేవని చెబుతున్నాడు.