ఒకే పుట్టగొడుగు, మూడు నామకరణాలు

నాలో ఒక సుగుణం ఉంది, చెప్పుకోక తప్పదు. కంటబడ్డ దేనికీ పేరు పెట్టకుండా వదలను. మా వంటింటి గోడ నానినప్పుడు తాపీమేస్త్రీ "చెమ్మండీ" అని ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. పాకే చెమ్మ, ఊరే చెమ్మ, ఉబ్బే చెమ్మ అని విడదీసి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను. ఏ బడికీ వెళ్లకుండా సొంతంగా సంపాదించిన విద్య అది. అందుకే ఈ కథంటే నాకు ఇష్టం.

వానలు ఆగని పెద్ద అడవి ఒకటుంది. అందులో ఓ మహావృక్షం తొర్రలో కొమ్మయ్య కాపురం. కొమ్మయ్యంటే ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టుండే కొమ్ముపిట్ట. ఆ జాతిలో గుడ్లు పెట్టే ముందు ఆడపిట్ట తొర్రలో దూరి, వాకిలి మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. పిల్లకు రెక్కలొచ్చేదాకా మగపిట్ట ఆ సందులోంచే పళ్లు అందించాలి. కొమ్మయ్య పెళ్లాం అప్పటికి అలా లోపలే ఉంది.

ఒక పొద్దున చెట్టు మొదట్లో, చెక్కలోంచి తెల్లగా, మెత్తగా ఓ పుట్టగొడుగు పొడుచుకొచ్చింది. కొమ్మయ్య తిన్నగా, పుట్టగొడుగుల జాతులు తేల్చే శిలీంధ్ర వర్గీకరణ మండలికి ఎగిరాడు.

"అయ్యా, మా చెట్టుకు చెక్కను తినే పుట్టగొడుగు వచ్చింది. మా పిల్ల బయటికొచ్చేదాకా చెట్టు నిలబడుతుందా?"

మండలి అధ్యక్షుడు ఎలుగుబంటి ఒక కన్ను తెరిచాడు. "ముందు అదేమిటో తేలాలి. పేరే లేనిది ఏం చేస్తుందో ఎలా చెబుతామయ్యా?"

పక్క అడవిలో చదివొచ్చానని రోజుకోసారి గుర్తుచేసే కొండముచ్చును పంపారు. అతను పుట్టగొడుగును వాసన చూశాడు, గీరాడు, నాకాడు, గంతులేస్తూ మండలికి తిరిగొచ్చాడు.

"సార్! లోకంలో ఎక్కడా లేని జాతి! తమరి పేరే పెడుతున్నాను. భల్లూకశ్రీ!"

ఎలుగుబంటి రెండో కన్ను కూడా తెరిచాడు.

"నిలబడుతుందా అండీ?" అన్నాడు కొమ్మయ్య.

"ఇంకా నీ చెట్టేమిటి?" అన్నాడు ఎలుగుబంటి. "ఇది నమూనా చెట్టు. ఇకమీద దీనిమీద ఎవరూ వాలకూడదు. గోరు తగిలితే నమూనా పాడవుతుంది."

"మరి లోపల మా ఆవిడకి తిండి?"

"ఆవిడ పుట్టగొడుగా?"

"కాదండీ."

"అయితే మా శాఖ కిందికి రాదు."

ఆనాటి నుంచి కొమ్మయ్య సొంత ఇంటికి దొంగలా రావలసి వచ్చింది. కాపలా పెట్టిన రేచుకుక్క కునికితే పండు అందించేవాడు. కునక్కపోతే లోపల పస్తే.

"ఏమయ్యా, నిన్నంతా అజాపజా లేకుండా పోయావు?" సందులోంచి పెళ్లాం నిలదీసింది.

"పుట్టగొడుగుకి ఇబ్బందట."

"మనకీ తొర్ర తొలిచిపెట్టింది అలాంటి పుట్టగొడుగే కదా! అది మెల్లగా తింటుంది, మర్యాదస్తురాలు. నా భయమల్లా నీ మండలి గురించే."

వానలు ముదిరాయి. పుట్టగొడుగూ ముదిరి, గోధుమరంగుకి తిరిగి, గిట్టలా గట్టిపడింది. అప్పుడు ముళ్లపంది దిగాడు. మండలిలో కొండముచ్చు కంటే పాతకాపు. ఎవరు తుమ్మినా తననే అన్నారని ముళ్లు లేపే రకం.

"అది తెల్లనిది, మెత్తనిది. ఇది గోధుమరంగు, గట్టిది. వేరే జాతి! కనిపెట్టింది నేను!"

"అదే ఇదండీ, ముసలిదైంది!" అనేశాడు కొమ్మయ్య. "రోజూ చూస్తున్నాగా!"

"రోజూ చూస్తున్నావా?" ముళ్లు నిక్కాయి. "అంటే వాలుతున్నావన్నమాట!"

కొమ్మయ్య పక్క చెట్టు మీదికి ఎగిరిపోయాడు.

కొండముచ్చూ ముళ్లపందీ కలబడుతుంటే ఎలుగుబంటి తీర్పు చెప్పాడు. "రెండూ కొత్తవే. రెండోది భల్లూకరత్న. ఒక్క చెట్టుకు రెండు కొత్త జాతులు! నామకరణ సభ ఆ చెట్టు మీదే జరిపిద్దాం."

"సార్, నమూనా పాడవుతుందని..." కొండముచ్చు నసిగాడు.

"అది పిట్టలకయ్యా."

సభనాడు మండలి మండలంతా చెట్టెక్కింది. అందరికంటే పైన, అందరికంటే బరువుగా, అధ్యక్షుడు. చెట్టు కిర్రుమంది. రేచుకుక్క చప్పట్లలో మునిగి ఉండటం చూసి కొమ్మయ్య తొర్ర మీద వాలాడు.

"పిల్లకు రెక్కలొచ్చాయటే?"

"వచ్చీ రానట్టున్నాయి."

"చాల్లే, మట్టి పొడిచెయ్యి!"

లోపల్నించి ఆవిడ, బయట్నించి ఆయన మట్టిని పొడిచి రాల్చేశారు. తల్లి దూకింది. పిల్ల తూలుతూ, పడుతూ లేస్తూ, పక్క చెట్టు కొమ్మ పట్టుకుంది.

"ఈ చెట్టు కలకాలం..." అంటున్నాడు ఎలుగుబంటి. మాట పూర్తికాలేదు. చెట్టు పూర్తయింది.

ఆకులు, కొమ్మలు, సభ్యులు అన్నీ ఒకే కుప్పగా పడ్డాయి. కుప్పలోంచి మొదట బయటపడ్డ కొండముచ్చు, విరిగిన తోకను చేత్తో పట్టుకుని, మొద్దుకింకా అంటుకునే ఉన్న పుట్టగొడుగు వైపు చూసి కేకేశాడు.

"సార్! ఇంతకుముందువి రెండూ నిలబడ్డ చెట్టు మీదివి. ఇది పడ్డ చెట్టు మీద ఉంది. మూడో జాతి!"

"నా పేరే," అని మొద్దు కిందనుంచి మూలుగు వినిపించింది.

ముళ్లపంది ఒళ్లు దులుపుకుని, పక్క చెట్టు మీది కొమ్మయ్యను పిలిచాడు. "ఏమోయ్, నీ ప్రశ్న పరిశీలించాం. నిలబడదు."

నీతి: కూలకముందే పేరు పెట్టేయండి, కూలాక ఇంకోటి పెట్టుకోవచ్చు.

మా వంటింటి గోడ మొన్న పడింది. కూల్చే చెమ్మ అని దానికీ పేరు పెట్టాను. పేరు పెట్టాక ఏం చెయ్యాలో మాత్రం నేనింకా నేర్చుకోలేదు.