పోలీస్ మాజీ అధ్యక్షుడు

విజయవాడ ప్రజలకు చరిత్ర మీద ప్రేమ లేదని ఇకమీదట ఎవరూ అనకూడదు. మొన్న గవర్నర్‌పేటలో ప్రపంచ మహనీయుల పరిచయ సమితి జరిపిన సభకు కుర్చీలు చాలక, పక్క లాడ్జి నుంచి తెప్పించవలసి వచ్చింది. అంతకుముందు సభలకు కార్యదర్శి ఉదయభాస్కర్ గారు, మైకతను, ఫ్యాను గాలికి వచ్చినవాళ్ళు మాత్రమే ఉండేవారు.

ఘనత ఫ్లెక్సీ షాపతనిది. "పోలిష్ మాజీ అధ్యక్షుని జీవితం, రాజకీయ ప్రస్థానం" అని సమితి రాసిచ్చింది. షాపతను చదువుకున్నవాడు. అచ్చుతప్పు చూస్తూ ఊరుకోలేక "పోలీస్" అని దిద్ది, వెనక ఖాకీ రంగు పోసి, వక్త రామకోటేశ్వరరావు గారి ఫొటో నెత్తిన ఒక టోపీ కూడా పెట్టాడు. భవానీపురంలో ఉండే ఆ రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ గారికి టోపీ బాగా నప్పింది.

ఆ ఫ్లెక్సీని వెంకటరత్నమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. వాళ్ళది మంగళగిరిలో మగ్గం ఇల్లు. బస్సు బోర్డులూ, చీరలు చుట్టిన పేపరు ముక్కలూ చూసి తనంత తానే చదువు నేర్చుకుంది. "పోలీస్" దగ్గర ఆమెకు గుండె దడదడలాడింది. "మాజీ" దగ్గర కాస్త కుదుటపడింది. పదవి లేనివాళ్ళకు వినే తీరిక ఉంటుందని ఆమె ఆశ.

ఆమె భర్త వెంకటప్పయ్య చీరల మూట భుజానేసుకుని గవర్నర్‌పేట కొట్టుకని బయల్దేరి, మళ్ళీ ఇంటికి రాలేదు. ఈమధ్య ఆయనకు మతిమరుపు. ఆ పొద్దున "పోతున్నా" అన్నాడు. "అదేం మాట, వెళ్ళొస్తానను" అంటూ ఆమె వీధి దాకా వెంటపడింది. ఆయన నవ్వాడే గాని ఆ మాట అనలేదు. కృష్ణ మీది వారధి నడిమధ్య ట్రాఫిక్‌లో బస్సు ఆగితే, ఊరొచ్చిందనుకుని దిగిపోయాడట.

ఆయన చేసిన నేరం అదే. ఏదో ఒక ఒడ్డున దిగి ఉంటే ఆ ఒడ్డు స్టేషనువాళ్ళు ఎంతో ఉత్సాహంగా వెతికేవారు. నడిమధ్య దిగినవాణ్ణి ఎవరు మాత్రం ఏం చేస్తారు? "మా లిమిట్స్ కాదమ్మా" అన్నారు ఇటువాళ్ళు. "మా లిమిట్స్ అసలే కాదు" అన్నారు అటువాళ్ళు. అందరూ మర్యాదగానే చెప్పారు. ఒకచోట కుర్చీ వేశారు, ఒకచోట మంచినీళ్ళిచ్చారు. వెతకడం ఒక్కటే తక్కువైంది.

సభకు చలానాలు పడ్డ ఆటోవాళ్ళు వచ్చారు. బండి స్టేషన్లో ఇరుక్కున్నవాళ్ళు వచ్చారు. లాడ్జీల యజమానులు అందరికంటే ముందొచ్చి, అందరికంటే పెద్ద దండలు తెచ్చారు. పోలీసుల్లో అధ్యక్షుడనే ఉద్యోగం లేదని తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఒకవేళ ఉంటే? ముందుజాగ్రత్తగా వాళ్ళూ దండలు తెచ్చారు.

"మిత్రులారా! ఒక మహనీయుడి జీవితం వినడానికి పనులు మానుకుని వచ్చారు. మీ జ్ఞానదాహం చూస్తుంటే నా కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి. కృష్ణమ్మ ఒడ్డున పుట్టినవాళ్ళకు దాహం ఎక్కువని రుజువు చేశారు!" అన్నారు ఉదయభాస్కర్ గారు.

రామకోటేశ్వరరావు గారు శాలువాల బరువుతో లేచారు. ఆ మాజీ అధ్యక్షుడు మొదట ఓడలు కట్టేచోట కరెంటు పనివాడన్నారు. "ఎంత కింది నుంచి వచ్చాడండీ!" అని సభలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. సమ్మె చేయించాడన్నారు. జనం కాస్త మొహాలు చూసుకున్నారు. ప్రభుత్వం ఆయన్ను నిర్బంధించిందన్నారు.

"డిపార్ట్‌మెంటులో గ్రూపులు ఎక్కువలెండి," అని ఒక లాడ్జి యజమాని పక్కాయనకు వివరించాడు.

అధ్యక్షుడయ్యాడు, మళ్ళీ పోటీచేసి ఓడిపోయాడు అన్నంతవరకూ సభ సజావుగానే సాగింది. "పదవి పోయాక, ఆయన పాత పనిచోటుకే వెళ్ళి మళ్ళీ కరెంటు పనిలో చేరాడు," అనగానే హాలంతా గొల్లున నవ్వింది.

"మాజీ అయ్యాక పనికెళ్ళాడంట! అబద్ధానికైనా హద్దుండాలి గురూ!"

"పోలీసు కాదెహె. ఏదో పోలండంట!"

అంతే, కుర్చీలు కదిలాయి. ఒకాయన వేదికెక్కి లెక్చరర్ గారి భుజం మీది శాలువా మెల్లగా తీసుకున్నాడు. "ఏమీ అనుకోకండి సార్, ఇంకోచోటికి పనికొస్తుంది." అందరూ పద్ధతిగా "వెళ్ళొస్తామండీ" అనే వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

వెంకటరత్నమ్మ మాత్రం మిగిలింది. తన వంతు వచ్చిందనుకుని వేదిక దగ్గరికి నడిచి, జరిగినదంతా చెప్పుకుంది.

"అయ్యగారూ, మీ మాజీగారితో ఒక్క మాట చెప్పించండి."

"ఆయన పోలీసు కాదమ్మా. పోలండ్ అని, ఒక దేశం."

"అది ఎవరి లిమిట్సయ్యా?"

లెక్చరర్ గారి సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదు. ఆయన మొహం వెలిగింది. "అక్కడే ఉందమ్మా కథంతా! చుట్టూ ఉన్న మూడు రాజ్యాలు మాదంటే మాదని పంచేసుకున్నాయి. నూరేళ్ళకు పైగా ఆ దేశం మ్యాపులోనే లేకుండా పోయింది."

"అంత దేశమూ తప్పిపోయిందా?" ఆమె ముందువరస కుర్చీలో కూలబడింది. "మరి దొరికిందా?"

"దొరికిందమ్మా."

"ఎవరు వెతికారు?"

"ఇంకెవరు? ఆ ఊరివాళ్ళే."

ఆమె తలతిప్పి ఖాళీ కుర్చీలను చాలాసేపు చూసింది. గుమ్మం దగ్గర ఉదయభాస్కర్ గారు ఫోన్లో ఫ్లెక్సీ షాపతనితో మాట్లాడుతున్నారు. "వచ్చే నెల రష్యన్ మాజీ నాయకుడి మీదయ్యా. తప్పులుంటే నువ్వే దిద్దేయ్, మొహమాటపడకు."

షాపతను మొహమాటపడలేదు. "రేషన్ మాజీ నాయకుడు" అని వేశాడు.

ఆ సభకు హాలే చాలలేదు. కార్డులు పట్టుకుని మెట్ల మీది నుంచి రోడ్డు దాకా నిలబడ్డారు. వెంకటరత్నమ్మ కూడా వచ్చింది. లోపలికి వెళ్ళలేదు. ఊరివాళ్ళు ఇంతమంది మళ్ళీ ఒక్కచోట దొరకరని గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళనూ అడిగింది.

"వెంకటప్పయ్య అని మా ఆయనండీ. భుజాన చీరల మూట ఉంటుంది. వారధి మీద దిగాడు. ఎక్కడైనా చూశారా?"

అందరూ ఆగి విన్నారు. పాపం అన్నారు. లైను కదులుతుంటే, ముందుకు జరుగుతూ, ఎంతో మర్యాదగా జవాబు చెప్పారు.

"మాది ఆ ఏరియా కాదమ్మా."